ఫోటోల వీడియో మనమే చేసుకుందాం – మూడో పాఠం: ఏ తెరకు ఏ కొలత?

పోయిన పాఠంలో ఫోటోలు ఏరి, వరుసగా ఒక ఫోల్డర్‌లో వేసుకున్నాం. ఇప్పుడు యాప్ తెరుద్దాం. కైన్‌మాస్టర్‌లో కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టగానే 16:9, 9:16, 1:1, 4:3 అంటూ కొలతలు చూపిస్తుంది. ఇన్‌షాట్‌లో ఇదే పని కాన్వాస్ అనే బటన్ దగ్గర చేయాలి. ఏదో ఒకటి నొక్కి ముందుకు పోకండి. సగం పని అయ్యాక కొలత మారిస్తే ప్రతి ఫోటోనూ మళ్లీ జరపాలి, రాసిన పేర్లన్నీ మళ్లీ సర్దాలి.

మొదటి అంకె వెడల్పు, రెండోది ఎత్తు. టీవీకి, ల్యాప్‌టాప్‌కు 16:9. వాట్సాప్ స్టేటస్‌కు, రీల్స్‌కు 9:16. వీడియో ఏ తెర మీద ఆడుతుందో ముందు తేల్చుకుంటే కొలత దానంతటదే తేలిపోతుంది.

చిక్కంతా ఫంక్షన్ హాల్లోనే. నల్లగొండలోనో మిర్యాలగూడలోనో అమ్మానాన్నల షష్టిపూర్తి చేస్తున్నారనుకోండి. స్టేజీ పక్కన ఎల్ఈడీ వాల్ పెట్టిస్తారు. దాన్ని చిన్న చిన్న ప్యానెళ్లు కలిపి కడతారు కాబట్టి టీవీలా ఒకే కొలత ఉండదు. 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు కట్టారంటే అది 3:2. మన 16:9 వీడియో అందులో 6 అడుగుల 9 అంగుళాల ఎత్తు వరకే నిండుతుంది. మిగిలిన అడుగుంబావు నల్లగా ఉంటుంది. ఆ నలుపు కనపడొద్దని కొందరు ఆపరేటర్లు వీడియోను పైకీ కిందికీ సాగదీసి నింపేస్తారు. దాంతో మనుషులంతా సన్నగా, ముఖాలు కోలగా తయారవుతాయి. అమ్మ ముఖం అమ్మ ముఖంలా లేని వీడియో ఎంత పెద్ద తెర మీద ఆడితే ఏం లాభం? అందుకే ముందే ఫోన్ చేసి అడగండి: “అన్నా, వాల్ ఎంత బై ఎంత కడుతున్నరు? మా వీడియో గుంజకుండ ఉన్నదున్నట్టు వేస్తరా?” మీ యాప్‌లో 3:2 ఉంటే అదే తీసుకోండి. లేకుంటే 16:9లో చేసి, నల్ల పట్టీలు ఉన్నా పర్వాలేదని ఆయనకు గట్టిగా చెప్పండి.

ఇక ఫోటోల సంగతి. ఫోన్ ఫోటో మామూలుగా 4:3 ఉంటుంది. పెద్ద కెమెరాతో తీసినవి, ఆల్బమ్‌లోని 4×6 అంగుళాల ప్రింట్లు 3:2. అంటే 16:9 తెరకు ఏదీ సరిగ్గా సరిపోదు. 1920×1080 వీడియోలో, అంటే 1920 పిక్సెళ్ల (తెర మీది చిన్న చుక్కల) వెడల్పు, 1080 ఎత్తు ఉన్న 16:9 వీడియోలో, అడ్డంగా తీసిన ఫోన్ ఫోటో 1440 పిక్సెళ్ల వెడల్పే ఆక్రమిస్తుంది. తెర నిండా పరచాలంటే ఎత్తులో పావు వంతు కోయాలి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కింద దిగిన గుంపు ఫోటోలో పైన కొమ్మలే ఉంటాయి కాబట్టి అక్కడ కోసినా ఇబ్బంది లేదు. యాప్ దానంతట అది పైనా కిందా సమానంగా కోస్తుంది. వెనక వరుసలో నిలబడ్డవాళ్ల తలలు ఉన్నాయో లేదో చూసి, వేలితో జరపండి.

నిలువు ఫోటోలను మాత్రం కోయొద్దు. హాఫ్ శారీ ఫంక్షన్‌లో పాప గద్వాల పట్టు కట్టుకుని నిలువెత్తు ఫోటో దిగితే, 16:9 నిండేలా కోశాక అంచూ ఉండదు, కొంగూ ఉండదు. పక్కల ఖాళీలో అదే ఫోటోను మసకగా పరిచే పద్ధతి ఉంది. ఒకటి రెండు చోట్ల బాగానే ఉంటుంది, వరుసగా వస్తే కళ్లు అలసిపోతాయి. నాకు నచ్చే పద్ధతి రెండు నిలువు ఫోటోలను పక్కపక్కన పెట్టడం. ఫోన్ ఫోటోలైతే వెడల్పు ఒక్కోటి 810 పిక్సెళ్లు, రెండూ కలిపి 1620. మిగిలిన 300ను ఎడమన, మధ్యన, కుడిన వందేసి పంచితే తెర నిండుగా కనిపిస్తుంది. చిన్నప్పటి ఫోటో పక్కన ఇప్పటి ఫోటో పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

స్టేటస్‌కు చేసేటప్పుడు కష్టం తిరగబడుతుంది. 1080×1920లో అడ్డం ఫోన్ ఫోటో 810 ఎత్తే వస్తుంది, తెరలో సగం కూడా కాదు. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఒకే ఫోటోలో ఉంటే ఎత్తు నిండేలా పెంచి, ఎడమ నుంచి కుడికి మెల్లగా జరిపించండి. పేర్లు అడుగున రాయొద్దు, రీల్స్‌లో అక్కడ బటన్లు కప్పేస్తాయి.

యూట్యూబ్‌లో పెట్టేవాళ్లకు ఒక మాట. 2024 అక్టోబర్ నుంచి మూడు నిమిషాల లోపు నిలువు, చదరపు వీడియోలు షార్ట్స్‌లోకి పోతున్నాయి. దూరాన ఉన్న బంధువులు టీవీలో చూడాలంటే 16:9లోనే చేయండి. హాలుకూ స్టేటస్‌కూ రెండిటికీ కావాలంటే ముందు హాలు వీడియో పూర్తి చేసి, తర్వాత మంచి ఫోటోలు పదో పన్నెండో తీసి నిలువుగా వేరేది కట్టండి. ఒకదాన్ని రెండోదిగా మార్చబోతే రెండూ పాడవుతాయి.

అభ్యాసం: మీ ఫోల్డర్‌లో అడ్డం ఫోటోలు ఎన్నో, నిలువువి ఎన్నో లెక్కపెట్టండి. నిలువు వాటిని జతలుగా విడదీయండి. జత దొరకని వాటిని పక్కన పెట్టండి. ఒక్కో ఫోటో తెర మీద ఎన్ని సెకన్లు నిలవాలో వచ్చే పాఠంలో చూసేటప్పుడు వాటితో పని ఉంది.