పండ్లు, కూరగాయలు తింటున్నా కొవ్వు తగ్గడం లేదా? ఎక్కడ తేడా వస్తోందో ఇలా పట్టుకోండి

బరువు తగ్గాలనుకోగానే చాలా ఇళ్లలో మొదట మారేది కూరగాయల సంచి. బీరకాయలు, సొరకాయలు, బొప్పాయి, జామకాయలు వచ్చి చేరతాయి. అయినా నెల తిరిగేసరికి పాత ప్యాంటు అలాగే బిగుతుగా ఉంటుంది. "ఇవన్నీ తిన్నా ఏం లాభం లేదు" అని విసుగొచ్చి మానేస్తారు. అలా మానేయకండి. లోపం కూరగాయల్లో లేదు.

ఏ పండుకూ, ఏ కాయకూ కొవ్వును కరిగించే శక్తి లేదు. అది మీ పళ్లెంలో ఇంకోదాన్ని తగ్గించి ఆ చోట కూర్చున్నప్పుడే ఫలితం కనిపిస్తుంది. అన్నం అంతే, నూనె అంతే, సాయంత్రం బజ్జీలూ అంతే ఉండి, వాటి పైన రెండు జామకాయలు చేరితే రోజు మొత్తం కేలరీలు పెరుగుతాయి. కింద చెప్పిన ప్రతి సమస్య దగ్గరా మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది తిన్నాను సరే, దీనికి బదులు ఏం తగ్గించాను?

రెండు పూటలా కూర తింటున్నా నడుము కొలత మారడం లేదు

కారణం: మన భోజనంలో కూర అన్నంలో కలుపుకోవడానికే ఉంటుంది. పప్పుతో ఒక ముద్ద, కూరతో ఇంకొంత, చారుకి మళ్లీ వడ్డన, చివర పెరుగన్నం. నాలుగు వంటకాలకూ నాలుగుసార్లు అన్నం పడుతుంది. కూర మాత్రం రెండు గరిటెలు దాటదు. వండిన అన్నం 100 గ్రాములకు దాదాపు 130 కేలరీలు. పచ్చి బీరకాయ, సొరకాయ అయితే అదే తూకానికి 20 కూడా ఉండవు. ఏది ఎక్కువ పడుతోందో మీ పళ్లెమే చెబుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు చూపించే నమూనా పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉంటాయి. బియ్యం, గోధుమ, జొన్న లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములే, అదీ వండకముందు తూకం. నలుగురున్న ఇంట్లో ఈ లెక్కన పూటకు 800 గ్రాముల కూరగాయలు తరగాలి. పావు కిలో బెండకాయలతో నలుగురికీ సరిపెట్టే ఇంట్లో అందరూ అన్నంతోనే కడుపు నింపుకుంటున్నట్టు.

పరిష్కారం: ముందు కూరను ఒక గిన్నెలో పెట్టుకుని సగం ఉత్తగానే తినండి. అందుకే ఉప్పు, కారం కాస్త తగ్గించి వండాలి. తర్వాత అన్నం ఒక్కసారే వడ్డించుకోండి. దాన్ని పప్పుకూ కూరకూ సర్దుకోండి. చారు గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగులో అన్నానికి బదులు కీరదోస ముక్కలో, తురిమిన క్యారెట్టో వేసుకోండి. అన్నం మొత్తం మానేయమని నేను చెప్పను. మనవాళ్లలో అలా మానేసినవాళ్లు రెండు వారాలకే రెట్టింపు ఆకలితో అన్నం దగ్గరికి తిరిగొస్తారు. నాలుగు వడ్డనలంత అన్నాన్ని ఒకటిన్నర వడ్డనంతకు తగ్గించుకుంటే చాలు, అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇంకోటి, బంగాళదుంప, చేమదుంప, కంద, అరటికాయ కూర చేసిన రోజు దాన్ని అన్నం లెక్కలో వేసుకుని అన్నం ఇంకా తగ్గించాలి.

అన్నం తగ్గించాను, కూర పెంచాను, అయినా బరువు పెరిగింది

కారణం: నూనె. ఒక టేబుల్ స్పూన్ నూనె అంటే సుమారు 120 కేలరీలు. దొండకాయ వేపుడు, కాకరకాయ వేపుడు, బెండకాయ వేపుడు కరకరలాడాలంటే బాండీలో గరిటెలకొద్దీ పోయాల్సిందే. వంకాయ నూనెను ఊరికే పీల్చేసుకుంటుంది. గుత్తి వంకాయలో దానికి తోడు వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి. రుచి విషయంలో నాకు దానికి సాటి లేదు, కానీ కొవ్వు తగ్గించుకుంటున్న రోజుల్లో అది పండగ పూట వంట.

పరిష్కారం: ముందు ఇంట్లో నూనె నెలకు ఎంత ఖర్చవుతోందో చూడండి. పైన చెప్పిన నమూనా పళ్లెంలో మనిషికి రోజుకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. నలుగురికి నెలకు లెక్కేస్తే దాదాపు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఐదో ప్యాకెట్ కూడా కత్తిరిస్తుంటే సమస్య దొరికినట్టే. సీసా వంచి పోసే అలవాటు మాని చెంచాతో కొలవండి. ముక్కలను కాస్త ఉప్పు వేసి మూతపెట్టి వాటి నీటిలోనే మగ్గనివ్వండి, తాలింపు చివర్లో రెండు చెంచాలతో పెట్టండి. ఆవ పెట్టిన కూర, పాలు పోసి వండిన సొరకాయ, మజ్జిగ పులుసు, ముక్కల పులుసు, కాల్చిన వంకాయ పచ్చడి, ఆకుకూర పప్పు: ఇవన్నీ మన అమ్మమ్మలు తక్కువ నూనెతో చేసినవే. కొత్తగా ఏ డైట్ వంటలూ నేర్చుకోనక్కర్లేదు.

రాత్రి పండ్లు మాత్రమే తింటే పదింటికల్లా ఆకలి

కారణం: పండ్ల గిన్నెలో ప్రోటీన్ దాదాపు లేదు. కడుపు త్వరగా ఖాళీ అవుతుంది, చెయ్యి బిస్కెట్ల డబ్బా వైపు వెళ్తుంది. చాలా రోజులు ఇలాగే సాగితే తగ్గే బరువులో కండ కూడా కలుస్తుంది. పెద్దవాళ్లకు శరీర బరువు కిలోకు రోజుకు కనీసం 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. 70 కిలోల మనిషికి అది 58 గ్రాములు.

పరిష్కారం: పండును భోజనంగా కాకుండా భోజనంలో భాగంగా తినండి. రాత్రికి ఉడికించిన శనగలో, పెసర గుగ్గిళ్లో, రెండు గుడ్లో, చేపముక్కో ఉండాలి. దాంతో గిన్నెడు కూర, ఆ తర్వాత ఒక పండు. రాత్రి పూట పండు తింటే కొవ్వవుతుందన్న భయం వద్దు, గడియారం చూసి కొవ్వు పేరుకోదు.

జ్యూస్ తాగుతున్నా తగ్గడం లేదు

ఒక గ్లాసు బత్తాయి రసానికి మూడు నాలుగు కాయలు పడతాయి. అన్ని కాయలు తొనలు వలుచుకుని తింటే మధ్యలోనే చాలనిపిస్తుంది. రసమైతే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పీచు పిప్పిలో పోతుంది, బండి దగ్గర తాగితే పంచదార అదనం. కాయే తినండి.

మామిడి కాలం వస్తే మళ్లీ మొదటికి

మామిడి గుజ్జు 100 గ్రాములకు 60 కేలరీలే. ఒక బంగినపల్లి తింటే ఏమీ మునిగిపోదు. చిక్కు రసాలతో వస్తుంది, కూర్చుంటే నాలుగు పూర్తవుతాయి, అదీ కడుపునిండా భోజనం చేశాక. రోజుకు ఒక కాయ అనుకోండి, దాన్ని సాయంత్రం టీ, చిరుతిండి స్థానంలో తినండి. పెరుగన్నంలో నంజుకుంటే ఆ అన్నం సగం చేయండి. మామిడి తాండ్ర, పంచదార కలిపిన షేక్ మాత్రం పండు లెక్కలోకి రావు. సీతాఫలం, సపోటా, పనస తొనలకూ ఇదే పద్ధతి.

కూరగాయలు పెంచగానే కడుపు ఉబ్బరం

కారణం: పీచు ఒక్కసారిగా పెరిగింది. పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, చిక్కుడు, ఉల్లి ఇందులో ముందుంటాయి. కొందరికి మామిడి, యాపిల్, పుచ్చకాయ కూడా పడవు.

పరిష్కారం: రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. పచ్చి సలాడ్లు ఆపి బీర, పొట్ల, సొర లాంటివి మెత్తగా ఉడికించి మొదలుపెట్టండి. నీళ్లు బాగా తాగండి. పొట్ట ఉబ్బితే కొవ్వు పెరిగిందని టెన్షన్ పడొద్దు. ఆవకాయతో భోజనం చేసిన మర్నాడు కాటా కిలో ఎక్కువ చూపించినా అంతే, ఉప్పు పట్టి ఉంచిన నీరది. రోజూ తూచుకునే బదులు వారానికోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి. ఉబ్బరంతో పాటు విరేచనంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల ఉంటే డాక్టర్‌కు చూపించండి.

బరువు తగ్గుతోంది కానీ కళ్లు తిరుగుతున్నాయి

మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లలో ఇది తిండి మరీ తగ్గించిన గుర్తు. పప్పు, గుడ్డు, కొంచెం అన్నం తిరిగి పెట్టుకోండి. షుగర్‌కు ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతూ అన్నం తగ్గిస్తే మాత్రం రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడి మోతాదు సరిచేయించుకున్నాకే పళ్లెం మార్చాలి. కిడ్నీ జబ్బు ఉండి పొటాషియం తగ్గించమన్నవాళ్లు అరటిపండు, కొబ్బరినీళ్లు, ఆకుకూరలు సొంతంగా పెంచకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. ఒక వారం దండిగా, ఇంకో వారం అసలు లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటూ రక్తపరీక్షలు వేళకు చేయించుకోవాలి.