నీళ్లలో కెమెరా - 5వ పాఠం: టేకు చేప మీదికి పోవద్దు

ఈ పాఠంలో రంగుల గురించి చెప్తానన్నాను. 4వ పాఠం చదివి అండమాన్ వెళ్లొచ్చిన వాళ్లు తీసిన టేకు చేప (స్టింగ్ రే) ఫొటోలు చూశాక, రంగులు తర్వాత, ముందు ఇది సరిచేయాలి అనిపించింది. హన్మకొండ తమ్ముడు పదకొండు ఫొటోలు పంపితే తొమ్మిది ఒకేలా ఉన్నాయి. ఇసుక మీద బూడిద రంగు పళ్లెం, దానికో తోక. జగిత్యాల చెల్లె ఫొటోల్లో చేపే లేదు, లేచిన ఇసుక మాత్రమే ఉంది. ఇద్దరూ నేను రాసినట్టే చేశారు. "మెల్లగా దగ్గరికి వెళ్లండి" అని రాశాను కానీ ఏ వైపు నుంచి వెళ్లాలో రాయలేదు. ఆ తప్పు నాదే.

కొత్తగా చేరిన వాళ్లకు ఒక మాట. మన అడవుల్లోని టేకు చెట్టుకూ ఈ చేపకూ సంబంధం లేదు. స్టింగ్ రేను కోస్తా మత్స్యకారులు టేకు చేప అంటారు. కెమెరా కవర్ బిగించడం, మాస్క్, స్నార్కెల్ (నీటి మీద తేలుతూ ఊపిరి పీల్చుకునే గొట్టం) సంగతులు మళ్లీ చెప్పను.

ఇద్దరూ చేసిన పని ఒకటే: ఈదుకుంటూ చేప నడినెత్తి మీదికి పోయి కిందికి కెమెరా పెట్టారు. స్నార్కెల్‌తో నీటి మీద తేలుతుంటాం కాబట్టి అలా చేయడమే తేలిక. కానీ చేప వైపు నుంచి ఆలోచించండి. పెరట్లో గద్ద నీడ పడగానే కోడిపిల్లలు ఏం చేస్తాయి? టేకు చేపకు కూడా ప్రమాదం పైనుంచే వస్తుంది. సుత్తి తల సొరచేప దాన్ని పైనుంచి నేలకు అదిమిపెట్టి తింటుంది. నడుము లోతు నీళ్లలో మీరు పైకి చేరితే దానికి మీరూ ఆ సొరచేప లాంటి వాళ్లే. మంచి జరిగితే ఇసుక లేపి పారిపోతుంది, చెల్లె ఫొటోల్లో ఉన్నది అదే. చెడు జరిగితే తోక లేస్తుంది. ఆ తోక మీద రంపం లాంటి పళ్లున్న ముల్లు ఉంటుంది, ముల్లు వెంబడి విషం ఉంటుంది. 2006 సెప్టెంబర్ 4న ఆస్ట్రేలియాలోని బ్యాట్ రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గర, జంతువుల టీవీ కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ చనిపోయింది లోతైన సముద్రంలో కాదు, ఛాతీ లోతు నీళ్లలో. టేకు చేపతో షూటింగ్ చేస్తుండగా ముల్లు ఛాతీలో దిగింది. జంతువుల మధ్యే బతికిన మనిషి ఆయన. అనుభవం ఉందనే ధైర్యంతో ఈ నియమం దాటకండి.

ఇక ఫొటో వైపు నుంచి చూద్దాం. టేకు చేప నోరు, మొప్పల చీలికలు అన్నీ కడుపు కిందే ఉంటాయి. పైన ఉండేవి రెండు కళ్లు, వాటి వెనకే రెండు రంధ్రాలు. ఇసుకలో కప్పుకుని పడుకున్నప్పుడు ఆ రంధ్రాలతోనే నీళ్లు లోపలికి తీసుకుంటుంది. అవి మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. ప్రాణం కనబడేది అక్కడే. పైనుంచి తీస్తే ఉబ్బిన ఆ కళ్లు చదునైపోతాయి, ఇసుక రంగు చేప ఇసుకలో కలిసిపోతుంది, వెనక నీలం రాదు. పెనంలో అద్దిన సర్వపిండిని పైనుంచి తీసినట్టే ఉంటుంది, దాని మందం ఎంతో ఎవరికీ తెలియదు. కెమెరాను ఇసుకకు జానెడు ఎత్తులోకి దింపి చూడండి. అదే చేపకు ముఖం వస్తుంది, వెనక సముద్రం వస్తుంది.

కాబట్టి నాలుగైదు మీటర్ల దూరంలోనే ఆగండి. చేపకు ముందు, కొంచెం పక్కగా కిందికి దిగండి. తోక వైపు నుంచి వద్దు. లోతు నీళ్లు ఉన్న వైపు ఖాళీగా వదిలేయండి, దాని దారి అదే. నేను రెండు మీటర్ల లోపలికి పోను, చిన్నగా వస్తే తర్వాత కత్తిరించుకుంటాను. నీళ్లలో వస్తువులు పావు వంతు దగ్గరగా కనబడతాయని గుర్తుంచుకోండి. ఒకటిన్నర మీటర్లు అనిపించేది నిజానికి రెండు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) ఒకసారి నీలి చుక్కల టేకు చేప ముందు ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్నాను. అది నన్ను మరిచిపోయి ఇసుక తవ్వుతూ మేత మొదలుపెట్టింది, చిన్న చేపలు దాని వెంట చేరాయి. నా దగ్గరున్న ఫొటోల్లో నాకు బాగా నచ్చినవి ఆ రోజువే. సెల్ఫీ స్టిక్ ముందుకు చాచడం మాత్రం దయచేసి మానేయండి, అది మన బదులు కర్రతో పొడవడమే.

ఫ్లాష్ వాడకండి, నీళ్లలోని నలుసులన్నీ తెల్ల చుక్కలై కూర్చుంటాయి. మిట్ట మధ్యాహ్నం ఎండ తక్కువ లోతులో చేప వీపు మీద వెలుగు వల వేస్తుంది. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య నాకు ఇష్టం.

నీళ్లలో నడిచేటప్పుడు అడుగు ఎత్తకండి, పాదాలను ఇసుకలో ఈడ్చుకుంటూ పోండి. రాత్రి పొలం గట్టు మీద పాము కోసం కర్ర తాటిస్తూ నడుస్తామే, అలాగే. ముల్లు దిగేది ఎక్కువగా తెలియక తొక్కినప్పుడే. కాలికి దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడి సంగతి ముందు రెండో కాలితో చూసుకోండి. తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగాలి. ఛాతీలో, మెడలో, పొట్టలో దిగితే ముల్లు పీకొద్దు, అలాగే ఉంచి వెంటనే తీసుకెళ్లాలి.

అభ్యాసం. పాకాల, లక్నవరం చెరువుల్లో దిగొద్దు, ఇది అక్కడ చేసే పని కాదు. వేసవిలో జంపన్న వాగు ఎండినప్పుడు ఇసుకలో చేట బోర్లించండి. ముందు వైపు రెండు గులకరాళ్లు పెట్టండి, వెనక తాడు ముక్క. నాలుగు మీటర్ల దూరం నుంచి మోకాళ్ల మీద, తర్వాత బోర్లా పడుకుని, రెండు మీటర్ల దాకా జరగండి. దారి పొడవునా కెమెరా జానెడు ఎత్తు దాటకూడదు. వంద ఫొటోలు తీయండి. ఈత వచ్చిన వాళ్లు అదే పనిని స్విమ్మింగ్ పూల్‌లో, నడుము లోతులో, అడుగున స్టీలు పళ్లెం పెట్టి చేయాలి. పక్కన ఇంకో మనిషి లేకుండా ఊపిరి బిగబట్టొద్దు.

నాకు అయిదు ఫొటోలు చాలు. ప్రతి దాంట్లో రెండు గులకరాళ్లూ కనబడాలి. ఒక్కటే కనబడితే మళ్లీ ఇసుకలో పడుకోండి.