ఇల్లు కట్టే ఖర్చు అంచనా దాటుతోందా? కారణం ఇలా పట్టుకోండి

ఖర్చు చేయి దాటుతోందనగానే చాలామంది ముందు టైల్స్ రకం తగ్గిస్తారు. తొందరపడకండి. ఇప్పటిదాకా అయిన పనుల పద్దు తీసి, అంచనా పక్కన పెట్టండి. ఒక్కో పనిలో వచ్చిన తేడాను మూడుగా విడదీయండి: పరిమాణం పెరిగిందా, రేటు పెరిగిందా, అసలు అంచనాలో లేని పని వచ్చి చేరిందా? పరిమాణం ఎంత పెరిగిందో అంతను పాత రేటుతో, రేటు ఎంత పెరిగిందో అంతను నిజంగా వాడిన పరిమాణంతో గుణిస్తే ఏది ఎంత తిన్నదో తేలిపోతుంది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

సమస్య: పునాదికే అనుకున్నదానికంటే బాగా ఎక్కువైంది

కారణం: మట్టి పరీక్ష లేకుండా లోతును ఊహించి అంచనా వేయడం. గట్టి నేల ఇంకా కిందికి ఉంటే తవ్వకం, కాంక్రీటు, గోడ, నింపుడు మట్టి అన్నీ కలిసి పెరుగుతాయి. నింపుడులో మరో చిక్కు: లారీలో వదులుగా వచ్చిన మట్టి దిమ్మిస కొట్టాక బాగా కుంగుతుంది. 100 క్యూబిక్ మీటర్ల గుంత నిండాలంటే వదులు మట్టి అంతకన్నా 20 నుంచి 30 శాతం ఎక్కువ కావచ్చు.

పరిష్కారం: నక్షా ఖరారు కాకముందే మట్టి పరీక్ష చేయించండి. పని మొదలైపోయి ఉంటే ప్రతి గుంత పొడవు, వెడల్పు, లోతు పూడ్చకముందే కొలిచి రాయించండి. పూడ్చాక వాదనే మిగులుతుంది. మట్టి బిల్లు లారీ కొలతా, దిమ్మిస కొట్టాక కొలతా అన్నది ముందే తేల్చుకోండి. మిగుల్చుకోవాలని పునాది సైజు మాత్రం తగ్గించకండి.

సమస్య: సిమెంటు, స్టీలు లెక్కకు మించి పోతున్నాయి

ఎక్కువ డబ్బు కంటికి కనిపించకుండా జారిపోయేది ఇక్కడే. 100 చదరపు మీటర్ల స్లాబు 125 మి.మీ. మందంలో 12.5 క్యూబిక్ మీటర్లు. సెంట్రింగ్ (కాంక్రీటును మోసే తాత్కాలిక అచ్చు) కుంగో, లెవల్ తప్పో సగటు మందం 140కి చేరితే 14 అవుతుంది. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు 50 కిలోల బస్తాలు సుమారు 8 పడతాయి కాబట్టి, ఆ 15 మి.మీ. తేడాకే 12 బస్తాలు. కంకర, ఇసుక, కూలీ అదనం. కాంక్రీటు పోసే ముందు రోజు లెవల్ ట్యూబుతో సెంట్రింగ్ చూడండి, కింది ఊతకర్రలు కదలకుండా బిగించండి, సందులు మూయించండి. పోస్తున్నప్పుడు 125 దగ్గర గీత పెట్టిన చువ్వతో అక్కడక్కడా గుచ్చి కొలవండి.

రెండో కారణం తడి ఇసుక. కొద్దిపాటి తేమతో ఇసుక ఉబ్బుతుంది. పెట్టె కొలతతో కలిపితే నిజంగా పడే ఇసుక తగ్గి, ఒక్కో కలుపులో వచ్చే కాంక్రీటూ తగ్గి, బస్తాలు ఎక్కువ కావాల్సి వస్తుంది. పరీక్ష తేలిక: నిలువు గాజు పాత్రలో తడి ఇసుక 200 మి.మీ. ఎత్తు వదులుగా నింపి, నీళ్లు పోసి కలిపి, తేరనివ్వండి. ఇసుక మట్టం 160కి దిగితే ఉబ్బు 25 శాతం. పెట్టె కొలతకు అంత శాతం ఇసుక అదనంగా కలపాలి. లారీ కొలత మీద కొన్నప్పుడూ ఇదే లెక్కన నష్టపోతారు.

స్టీలుకు ఒక సూత్రం చాలు: వ్యాసం మి.మీ.లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 మి.మీ. చువ్వ మీటరుకు 0.89 కిలో, 12 మీటర్ల చువ్వ 10.7 కిలోలు. చువ్వలు లెక్కపెట్టి వేబ్రిడ్జి చీటీతో పోల్చండి. ముక్కలు గుట్టగా మిగులుతుంటే, కోతల పట్టిక లేకుండా కోస్తున్నారన్నమాట. పొడవు ముక్కలు ముందు కోయించి, మిగిలినవి రింగులకూ, పై చువ్వలను ఎత్తి నిలిపే కుర్చీలకూ వాడించండి. చువ్వల దూరం పెంచి పొదుపు చేద్దామన్న సలహాను స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకుంటే తప్ప వినకండి.

సమస్య: ప్రతి బిల్లులో 'ఎక్స్‌ట్రా' కనిపిస్తోంది

కారణం: చదరపు కొలత మీద ఒప్పందం చేసుకున్నా, ఏ కొలతో రాసుకోకపోవడం. సజ్జాలు, బాల్కనీ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు, ప్రహరీ, సెప్టిక్ ట్యాంకు ఆ ఒప్పందం లోపలా బయటా? టైల్స్, కుళాయిలు, తలుపులకు ఇంత అని పెట్టిన మొత్తం తక్కువైతే కొటేషన్ చౌకగా కనిపిస్తుంది, కొనేటప్పుడు తేడా మీ మీద పడుతుంది.

పరిష్కారం: కొటేషన్లు పోల్చేటప్పుడు ఆ మొత్తాల చోట మీరు ఎంచుకున్న సరుకు అసలు ధర వేసి మళ్లీ కూడండి. మార్పు కావాలంటే ఏం చేర్చారు, ఏం తీసేశారు, ఎంత డబ్బు, ఎన్ని రోజులు అని రాసి, ఇద్దరూ సంతకం పెట్టాకే పని మొదలవ్వాలి. తీసేసిన పని డబ్బు తగ్గించడం కాంట్రాక్టరుకు గుర్తుండదు, మీరే అడగాలి.

సమస్య: కట్టిన గోడ పగలగొట్టాల్సి వస్తోంది

నక్షా కాగితం మీద అర్థం కాకపోవడమే కారణం. గోడలు లేవకముందే నేల మీద సుద్దతో గదులు, మంచం, తలుపు తెరుచుకునే వైపు అసలు కొలతలో గీసి చూడండి. స్విచ్చులు, కుళాయిల స్థానాలు గాడి కొట్టకముందే గోడ మీద గుర్తు పెట్టండి.

సమస్య: రేట్లు పెరిగిపోతున్నాయి

భయపడి సిమెంటు నిల్వ చేయకండి. తేమ తగిలి నెలలు గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. టైల్స్ మాత్రం 10 శాతం అదనంగా, ఒకే బ్యాచ్‌లో కొనండి. తర్వాత కొంటే ఛాయ కలవదు.

సమస్య: పని సగంలో ఉండగానే చేతిలో డబ్బు అయిపోయింది

చెల్లింపు పనికంటే ముందు నడిచింది. ఇకపై కొలిచిన పనికే ఇవ్వండి. బిల్లులో 5 శాతం మాత్రం, లోపాలు సరిచేసేదాకా ఆపుకోండి. ఆ షరతు ఒప్పందంలోనే ఉండాలి. అనుకోని ఖర్చుకు 10 శాతం విడిగా ఉంచనివాళ్లకు ఇక మిగిలింది వాయిదా వేయడమే. కప్‌బోర్డులు, ఫాల్స్ సీలింగ్, బయటి రంగులో రెండో కోటు ఆగగలవు. బాత్రూం వాటర్‌ప్రూఫింగ్, గోడల్లో పైపులు, మురుగు వాలు, కాంక్రీటుకు తడుపు ఆగవు. వీటిని తర్వాత చేయాలంటే పైన చేసిందంతా విప్పాలి. తడుపును అసలు తర్వాత చేయడమే కుదరదు.