పని ఆగి కూలి బకాయి పడితే: ఒడిశా సరిహద్దు తెలుగు కూలీలు చేయాల్సినవి

మార్కెట్ పడిపోతే మొదట ఆర్డర్లు ఆగుతాయి, వెంటనే కూలి ఆగుతుంది. యజమాని "మేస్త్రీకి ఇచ్చేశాను" అంటాడు. మేస్త్రీ ఫోను కలవదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి సూరత్ మరమగ్గాలకో, పలాస జీడి ఫ్యాక్టరీలకో, కట్టుబడి పనులకో వెళ్లే మనవాళ్లకు ఇది తెలిసిన బాధే. కోపం రావడం న్యాయం. కాని అది వేడిగా ఉన్న మూడు నాలుగు రోజులే అందరూ ఒకచోట ఉంటారు, ఆ తర్వాత తలో దారి. అందుకే ధర్నాకన్నా ముందు లెక్క కట్టండి.

మనిషికో కాగితం. ఆధార్‌లో ఉన్నట్టే పేరు, పని చేసిన చోటు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, హాజరు రోజులు, ఓటీ (ఓవర్‌టైం) గంటలు, ఒప్పుకున్న రేటు, తీసుకున్న అడ్వాన్సు. రోజుకు 550 చొప్పున 26 రోజులకు 14,300 అనుకోండి. ఎనిమిది గంటల రోజుకు గంట కూలి 68.75. ఓటీకి కనీసం రెట్టింపు ఇవ్వాలి కాబట్టి గంటకు 137.50, 18 గంటలకు 2,475. రెండూ కలిపి 16,775. అడ్వాన్సు 5,000 పోగా రావాల్సింది 11,775 రూపాయలు. మీటరు లెక్కన నేసినవాళ్లు రోజుల బదులు మీటర్లు రాయాలి. అడ్వాన్సు మాత్రం దాచకండి. మేస్త్రీ దగ్గర మీ సంతకం ఉంటుంది. ఒక్కరి అబద్ధం బయటపడితే మిగతా పాతికమంది లెక్కనూ అధికారి అనుమానిస్తాడు.

ఆ రోజే హాజరు పుస్తకం, గేటు పాసు, బోర్డుతో సహా పని స్థలం ఫొటోలు తీయండి. ఫోన్‌పేలో వచ్చిన పాత చెల్లింపులు, మేస్త్రీ వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి, ఇంకో ఫోనుకు కూడా పంపి ఉంచండి. "సెటిల్‌మెంటు" అని గుజరాతీలోనో ఒడియాలోనో రాసిన కాగితం ఇస్తే చదివించుకోకుండా వేలిముద్ర వేయొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు. సగం డబ్బు చేతిలో పెట్టి మొత్తం ముట్టినట్టు రాయించుకోవడం ఇలాంటి రోజుల్లో ఎక్కువగా జరిగే మోసం.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న 2019 వేతనాల కోడ్ అనే చట్టం మన చేతిలో ఉన్న గట్టి ఆధారం. పనిలోంచి తీసేసినా, మూత వల్ల పని పోయినా రెండు పనిదినాల్లో బకాయి ఇవ్వాలి. కాంట్రాక్టరు, అంటే మేస్త్రీ, ఎగ్గొడితే ఆ భారం పని చేయించుకున్న సంస్థదే, కాబట్టి "మేస్త్రీకి ఇచ్చేశాను" అన్న మాట చెల్లదు. డబ్బు ఇచ్చామని రుజువు చేయాల్సిందీ యజమానే. క్లెయిము వేయడానికి మూడేళ్ల గడువుంది. ఒకే సంస్థలో పనిచేసిన ఎంతమందికైనా కలిపి ఒకే దరఖాస్తు చాలు. బకాయితోపాటు దానికి పదిరెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా క్లెయిము వినే అధికారికి ఉంది.

ముందు యజమానికి, మేస్త్రీకి ఇద్దరికీ ఒకే ఉత్తరం స్పీడ్‌పోస్టులో పంపండి. ఎవరికెంత రావాలో పట్టిక, వారం గడువు, అంతే. తిట్లు, బెదిరింపులు రాయొద్దు. అవే తిరిగి మీమీద కేసుకు పనికొస్తాయి. రసీదు జాగ్రత్త. వారం దాటితే లేబర్ ఆఫీసుకు వెళ్లాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఇల్లు పర్లాకిమిడిలో ఉన్నా పని పలాసలో చేస్తే క్లెయిము శ్రీకాకుళం జిల్లా వైపు వేయాలి, సూరత్‌లో చేస్తే గుజరాత్‌లో. ఒడిశాలోని లేబర్ ఆఫీసరుకు, కలెక్టరు అర్జీలు వినే జాయింట్ గ్రీవెన్స్‌కు కూడా అర్జీ ఇవ్వండి, పని చేసిన చోటి అధికారులకు ఉత్తరం రాయమని అడగండి. కాని అసలు క్లెయిముకు అది బదులు కాదు.

అర్జీ భాష గురించి జంకొద్దు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగాని రాష్ట్రంలోగాని వాడే ఏ భాషలోనైనా అర్జీ ఇవ్వొచ్చు. తెలుగులో రాయండి, ఒడియాలో ఒక పేజీ సారాంశం జత చేయండి. అది లేకపోతే కాగితం అనువాదం కోసం బల్లమీదే పడి ఉంటుంది. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా గుమ్మం దాటొద్దు.

ఇక ధర్నా. 2020 ఏప్రిల్‌లో సూరత్‌లో ఒడిశా కార్మికులు కూలి కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. బళ్లు తగలబడ్డాయి, పోలీసులు కార్మికుల్నే పట్టుకున్నారు. కూలి మాట వెనక్కి పోయి కేసుల మాట ముందుకొచ్చింది. అందుకే పోలీసులకు ముందురోజే చోటు, సమయం, సుమారు ఎంతమందో రాసి ఇవ్వాలి. పదిమందికొకరు బాధ్యత తీసుకోవాలి. తాగినవాళ్లను ఇంటికి పంపేయాలి. అడిగేది ఒక్కటే ఉండాలి, అంకెతో సహా: "43 మందికి ఇంత, ఫలానా తేదీలోగా". ధరలు, ప్రభుత్వం, ఎన్నికలు అన్నీ కలిపి అరిస్తే యజమానికి హాయి.

ఏ పార్టీ నాయకుడొచ్చినా రానివ్వండి, అర్జీ మీద ఆయన చేత సిఫారసు రాయించుకోండి. అసలు కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే. ఆయన మాటమీద ధర్నా విరమిస్తే ఆ మాటను తేదీతో రాయించి సంతకం తీసుకోండి.

వకీలు ఖర్చుకు భయపడొద్దు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, 15100కు ఫోను చేయొచ్చు. అర్జీ కదలకపోతే దానిమీద ఏం చర్య తీసుకున్నారో సమాచార హక్కు కింద అడగండి. ఒడిశాలో ఫారం ఎ నింపి, 10 రూపాయల రుసుము కట్టి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి.