తిన్నది ఒంటబట్టాలంటే: పాంక్రియాస్ క్యాన్సర్ చికిత్సలో ఇంట్లో చూసుకోవలసినవి

పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ అని తేలాక ఇంటిల్లిపాదికీ ఆపరేషను గురించి, కీమో గురించే ఆలోచన. ఆ నిర్ణయాలు డాక్టర్లవి. ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న పెద్ద పని రోగి బరువు పడిపోకుండా చూడటం, ఎందుకంటే సత్తువ తగ్గితే కీమో మోతాదు తగ్గించవలసి రావచ్చు, వాయిదా కూడా పడవచ్చు.

క్లోమం ఇన్సులిన్‌తో పాటు కొవ్వును, మాంసకృత్తులను, పిండిపదార్థాలను అరిగించే ఎంజైములను తయారుచేసి పేగులోకి పంపుతుంది. క్యాన్సర్ గడ్డ ఆ ఎంజైములు వెళ్లే నాళానికి అడ్డుపడినా, విప్పుల్ ఆపరేషనులో క్లోమం తల భాగాన్ని తీసేసినా ఎంజైములు చాలక, ఎంత తిన్నా ఒంటబట్టదు. మలం పాలిపోయి, జిడ్డుగా, నీటిపై తేలుతూ, విపరీతమైన దుర్వాసనతో ఉంటే, కడుపుబ్బరం కూడా ఉంటే, కారణం ఇదే కావచ్చు. చెప్పుకోవడానికి బిడియమనిపించినా డాక్టరుకు ఈ వివరం చెప్పి తీరాలి.

చాలా ఇళ్లలో ఈ దశలో నెయ్యి, నూనె మాన్పించి చారన్నంతో పథ్యం పెడతారు. అసలే చిక్కిపోతున్న మనిషికి తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తినిచ్చే పదార్థాన్ని ఆపేయడం నా దృష్టిలో మేలు కన్నా కీడే చేస్తుంది. కొవ్వు తగ్గించే ముందు, చాలని ఎంజైములను బయటినుంచి అందించే పాంక్రియాటిన్ క్యాప్సూల్స్ గురించి అడగండి. పెద్దలకు సాధారణంగా భోజనానికి 50,000, చిరుతిండికి 25,000 లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైము) యూనిట్లతో మొదలుపెట్టి, జిడ్డు విరేచనాలు తగ్గేదాకా డాక్టరు సలహాతో పెంచుతారు.

ఈ మందు వేసుకునే తీరులోనే ఫలితమంతా ఉంది. ఉదయం, రాత్రి అని కాలం చూసి కాక, తిండితోనే వేసుకోవాలి: మొదటి ముద్దతో సగం, భోజనం మధ్యలో మిగిలిన సగం. తిన్న గంటకు వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. నమలకూడదు, వేడి కాఫీతో మింగకూడదు, పొయ్యి పక్కన పెట్టకూడదు. పండుకో నిమ్మరసానికో అక్కర్లేదు గానీ గ్లాసెడు పాలకు, రెండు గారెలకు అవసరమే. చన్నీళ్లతో మింగమని చెబుతారు. అయితే కీమోలో ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఉన్నవారికి ఆ తర్వాత కొన్ని రోజులు చల్లని నీళ్లు తగిలితే గొంతు పట్టేసినట్టు, వేళ్లు జివ్వుమన్నట్టు ఉంటుంది కనుక, వారు మామూలు నీళ్లే తాగాలి. ఈ మందు పంది క్లోమం నుంచి తయారవుతుంది. ఆచారరీత్యా అభ్యంతరం ఉన్నవారు మానేసే ముందు ఆ మాట డాక్టరుతో ఎత్తడం మంచిది.

మూడు పూటలా కంచం నిండా పెట్టి బలవంతం చేయడం కన్నా, రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా పెట్టాలి: నెయ్యి వేసిన పప్పన్నం, గుడ్డు, గడ్డ పెరుగు, వేరుశనగ ఉండ. సుగర్ ఉన్నవారికి కఠినమైన ఆహార నియమాలకన్నా ఇన్సులిన్ సవరించుకోవడమే చాలాసార్లు మంచిది. ఎంజైములు పనిచేయడం మొదలయ్యాక తిన్నది ఒంటబట్టి సుగర్ పెరగవచ్చు. క్యాప్సూల్స్ ఆపకుండా, పరీక్ష చేయించి డాక్టరుకు చెప్పాలి.

కొన్ని లక్షణాలకు తెల్లవారేదాకా ఆగకూడదు. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, థర్మామీటరు చూడకుండా పారాసిటమాల్ వేసి దాన్ని కప్పిపుచ్చక, ఆసుపత్రికి వెళ్లాలి. పిత్తనాళంలో స్టెంటు (పిత్తం పారేందుకు పెట్టే చిన్న గొట్టం) ఉన్నవారికి కళ్లు మళ్లీ పచ్చబడినా, చలితో జ్వరం వచ్చినా స్టెంటు మూసుకుపోయి ఉండవచ్చు. కామెర్లని పసరు మందు పోయిస్తూ కూర్చుంటే ఇన్ఫెక్షను రక్తంలోకి పాకవచ్చు. ఒక కాలు మాత్రమే వాచినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా రక్తపు గడ్డను అనుమానించాలి.

కడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పిని ఓర్చుకోవలసిన పని లేదు. మార్ఫిన్ మాత్రలున్నాయి, నరాలకు ఇచ్చే సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అనే ఇంజెక్షనూ ఉంది. మార్ఫిన్‌తో మలబద్ధకం వస్తుంది కనుక విరేచనకారి మందు కూడా మొదటి రోజునుంచే రాయించుకోవాలి. నొప్పి, బాధలు తగ్గించేందుకు చూసే పాలియేటివ్ విభాగమంటే ఆఖరి రోజుల్లో వెళ్లేదని భయపడనక్కర్లేదు, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో అలాంటి విభాగం ఉంది, కీమో సాగుతుండగానే అక్కడ చూపించుకోవచ్చా అని మీ డాక్టరును అడగండి.