బాంజో నేర్చుకుందాం – 3: తాం–తక దెబ్బ

గత పాఠంలో ఐదు తీగల బాంజోను ఒళ్లో పెట్టుకోవడం, ఓపెన్ జి (ఏ తీగా నొక్కకుండానే జి కార్డ్ పలికే) శృతి చేసుకోవడం చూశాం. ఇప్పుడు కుడిచేతికి పని. దానికి ముందు కాస్త చరిత్ర చెబుతాను. అది తెలియకపోతే ఈ చేతివాటం వింతగా అనిపిస్తుంది.

వేళ్లతో గిటార్ వాయించేవాళ్లు ఎక్కువగా తీగను పైకి మీటుతారు. మనం నేర్చుకునే క్లాహామర్ పద్ధతిలో గోరు పైభాగంతో తీగను కిందికి కొడతాం. సెనెగల్, గాంబియా ప్రాంతంలో జోలా ప్రజలు అకోంటింగ్ అనే వాద్యాన్ని ఇలాగే వాయిస్తారు. దానికీ బొటనవేలి కోసం ఒక పొట్టి తీగ ఉంటుంది. బానిసలుగా అమెరికా ఖండానికి తరలించిన ఆఫ్రికన్ల చేతుల్లోనే బాంజో పుట్టింది. వర్జీనియాకు చెందిన జోయెల్ స్వీనీ లాంటి తెల్లజాతి కళాకారులు 1830ల నుంచి ముఖానికి నల్లరంగు పూసుకుని దాన్ని వేదికలెక్కించారు. అమెరికా తూర్పు భాగంలోని అపలేచియన్ కొండల్లోకి బాంజో చేరిన ఘనతను కొందరు పూర్తిగా ఆ ప్రదర్శనలకే కట్టబెడతారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. కొండల్లోనూ నల్లజాతి వాద్యకారులు ఉన్నారు, ఇరుగుపొరుగువాళ్లు వాళ్ల దగ్గర నేరుగా నేర్చుకున్నారు.

ఇక మన దెబ్బ సంగతి. నార్త్ కరోలినాలోని సర్రీ కౌంటీలో రౌండ్ పీక్ అనే పల్లె ప్రాంతం ఉంది. గిటార్ రాకముందు అక్కడ డాన్స్‌కి ఫిడేలు, బాంజో ఉంటే చాలు. తాళం పట్టడానికి మూడో మనిషి లేడు కాబట్టి ఫిడేలు వెంట పాట నడపడం, అడుగులకు ఊపు ఇవ్వడం రెండూ బాంజో నెత్తినే పడ్డాయి. అక్కడి వాద్యకారులు టామీ జారెల్ (1901–1985), ఫ్రెడ్ కాకర్‌హామ్ కలిసి వాయించిన రికార్డింగులు వినండి, రెండు వాద్యాలు ఎంతగా పెనవేసుకుంటాయో తెలుస్తుంది. బాంజో అనగానే చాలామందికి గుర్తొచ్చే గలగల మాత్రం వేరు. అది 1945 చివర్లో అమెరికన్ గాయకుడు బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్‌తో పేరుపొందిన మూడువేళ్ల బాణీ.

సరే, చెయ్యి పెట్టండి. వేళ్లను వదులుగా ముడవండి. చూపుడువేలు గోరుతో మూడో తీగను కిందికి కొట్టండి: తాం. మళ్లీ అదే గోరుతో కింది రెండు లేదా మూడు తీగల్ని ఒక్కసారిగా దువ్వినట్టు కిందికి గీయండి: త. అలా గీస్తున్నప్పుడే బొటనవేలు దాని పక్కనుండే పొట్టి తీగ, అంటే ఐదో తీగ మీద వాలాలి. చెయ్యి పైకి లేస్తున్నప్పుడు ఆ తీగను వదిలెయ్యాలి: క. తాళంలో ‘తాం’ ఒక పూర్తి మాత్ర, ‘త’, ‘క’ చెరో అర మాత్ర.

వేలిని విడిగా విదిలించకండి. తలుపు తట్టినట్టు మణికట్టు, ముంజేయి కలిసి కదలాలి. కొత్తవాళ్లకి టెన్షన్‌లో భుజం బిగుసుకుంటుంది, అది గమనించిన వెంటనే ఆగిపోండి. ‘క’ సరిగ్గా పలకకపోతే తప్పు సాధారణంగా బొటనవేలిని వదలడంలో కాదు, అది ముందే తీగ మీద వాలకపోవడమే కారణం.

మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 మాత్రల దగ్గర పెట్టి మొదలెట్టండి. ఎడమచేతిని అసలు వాడొద్దు. మూడో తీగ మీద కుదిరాక ‘తాం’ని రెండో తీగకి, తర్వాత ఒకటో తీగకి మార్చండి. చూడకుండా తీగ మారగలిగితే తర్వాతి పాఠానికి మీరు సిద్ధమే. అందులో బొటనవేలిని లోపలి తీగల మీదికి దించే ‘డ్రాప్ థంబ్’ పట్టుకుందాం.