జపాన్‌లో స్కీయింగ్‌కు బయల్దేరే ముందు జాగ్రత్తలు

నిసెకో, హకుబా లాంటి పెద్ద స్కీ రిసార్టుల్లో టికెట్ కౌంటర్ నుంచి స్కీ స్కూల్ దాకా ఇంగ్లిష్‌తో పని జరిగిపోతుంది. చిన్న రిసార్టుల్లోనూ ఆదరణకు లోటుండదు, కానీ మాట ఎక్కువగా జపనీస్‌లోనే. ఆఫ్‌లైన్‌లో పనిచేసే అనువాద యాప్, కొంత యెన్ నగదు దగ్గర పెట్టుకోండి.

• అద్దె బూట్లకు పాదం కొలత సెంటీమీటర్లలో చెప్పాలి. పెద్ద పాదాలైతే ముందే బుక్ చేయండి.

• తాడు కట్టిన చోటు దాటొద్దు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. నిసెకోలో రిసార్టు హద్దు దాటాలంటే గేట్ల గుండానే వెళ్లాలి. గేటు మూసి ఉంటే ఆ ఆశ వదులుకోండి. మంచు లోతుగా పడ్డప్పుడు చెట్టు మొదట్లో ఏర్పడే గుంత పైకి కనపడదు. అందులో తలకిందులుగా పడితే ఊపిరాడదు, సొంతంగా బయటపడటం చాలా కష్టం. అందుకే తోడు లేకుండా వెళ్లొద్దు. మీరు తప్పిపోతే గాలింపు ఖర్చు మీమీదే పడవచ్చు, బీమాలో స్కీయింగ్ ఉందో లేదో చూసుకోండి.

• పచ్చబొట్టు ఉంటే వేడినీటి స్నానశాలలో అనుమతి ముందే అడగండి.

• అంబులెన్స్‌కు 119.